సంతకం పెట్టే ముందు... చదివించుకోండి

* అరెస్టు కారణాలు అర్థమయ్యే భాషలో రాసివ్వాలన్న సుప్రీంకోర్టు
* సరిహద్దు తెలుగువారికి ఇది కొండంత అండ
* అడిగితేనే దక్కే హక్కులివి

రాయచూరు: సింధనూరు, మాన్వి చుట్టుపక్కల క్యాంపుల్లో పుట్టి పెరిగిన తెలుగువారికి కన్నడం మాట్లాడటం ఓ లెక్క కాదు. సంతలో, బ్యాంకులో, పంచాయతీ ఆఫీసులో ఎక్కడైనా నెట్టుకొచ్చేస్తారు. చదవడం దగ్గరికొస్తేనే పెద్దవాళ్లలో చాలామంది తడబడతారు. ఇంట్లో పిల్లలు కన్నడ బడిలో చదివారు కాబట్టి రోజువారీ పనులు గడిచిపోతాయి. ‘మావాణ్ణి స్టేషన్‌కు తీసుకుపోయారు’ అని రాత్రి పది గంటలకు ఫోనొస్తే మాత్రం కాళ్లూ చేతులూ ఆడవు. స్టేషన్‌లో ముందుపెట్టే కాగితం కన్నడంలో ఉంటుంది. చదివి చెప్పేవారు పక్కన ఉండరు. ఎక్కడ వేలుపెట్టి చూపిస్తే అక్కడ సంతకం పడిపోతుంది. ఆ సంతకం విలువ తెలిసేది బెయిలు కోసం కోర్టు చుట్టూ తిరిగేటప్పుడే.

ఈ చిక్కుకు సుప్రీంకోర్టు 2025 నవంబరు 6న ఓ దారి చూపింది. ముంబయిలో 2024 జులైలో జరిగిన కారు ప్రమాదం కేసులో అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ బి.ఆర్.గవాయ్, జస్టిస్ ఎ.జి.మసీహ్‌ల ధర్మాసనం ఇచ్చిన తీర్పు అది. ఏ చట్టం కింద అరెస్టు చేసినా కారణాలను రాతపూర్వకంగా, అరెస్టయిన వ్యక్తికి అర్థమయ్యే భాషలో ఇవ్వాల్సిందేనని తేల్చిచెప్పింది. అక్కడికక్కడ రాసివ్వడం కుదరకపోతే నోటితో చెప్పి, తర్వాత కాగితం ఇవ్వొచ్చు. అయితే రిమాండు కోసం మేజిస్ట్రేటు ముందు నిలబెట్టడానికి కనీసం 2 గంటల ముందు అది చేతికందాలి. అలా జరగకుంటే ఆ అరెస్టూ, రిమాండూ చెల్లవని పేర్కొంది.

అంతమాత్రాన కేసు కొట్టేసినట్టు కాదు. పోలీసులు కారణాలు రాసిచ్చి మళ్లీ కస్టడీ అడగొచ్చు. కానీ ‘ఎందుకు పట్టుకున్నారో తెలియదు’ అనే మాట ఇకపై కోర్టు చెవిన వేయదగ్గ అభ్యంతరం. రాయచూరు లాంటి జిల్లాలో ఈ తీర్పుకు ఉన్న విలువ బెంగళూరులోనూ ఉండకపోవచ్చు.

గీత మారింది... మనుషులు మారలేదు

1956 నవంబరు 1 దాకా రాయచూరు హైదరాబాద్ రాష్ట్రంలోనిదే. భాషా ప్రయుక్త రాష్ట్రాలొచ్చినప్పుడు జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఇదే జిల్లాలో ఉన్న గద్వాల, అలంపూర్ తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌లోని మహబూబ్‌నగర్‌కు వెళ్లాయి. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్లొచ్చాక కోస్తా నుంచి వచ్చిన రైతులు సింధనూరు, మాన్వి ప్రాంతాల్లో క్యాంపులు వేసుకుని స్థిరపడ్డారు. 2014లో తెలంగాణ ఏర్పడటంతో జిల్లాకు రెండు తెలుగు రాష్ట్రాలు పొరుగయ్యాయి. పిల్లనిచ్చింది గద్వాలలో, ధాన్యం అమ్మేది రాయచూరులో, మొక్కు తీర్చేది మంత్రాలయంలో... ఇదీ ఇక్కడి బతుకు.

అరెస్టు, బెయిలుకు సంబంధించిన చట్టం మాత్రం మూడు రాష్ట్రాల్లోనూ ఒక్కటే. పాత సీఆర్‌పీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలవుతోంది. మారేది కాగితం మీది భాష. తిప్పలన్నీ అక్కడే మొదలవుతున్నాయి.

అక్షరం మనదే... అర్థం వేరు

కన్నడ లిపి చూడ్డానికి మన లిపిలాగే ఉంటుంది. కాస్త కూడబలుక్కుంటే చదివేయొచ్చు. ప్రమాదమూ అదే. అక్షరాలు పోల్చుకుని, అర్థం మాత్రం తెలుగుది వేసుకుంటాం. పోలీసు, కోర్టు కాగితాల్లో తరచూ కనిపించే ఈ మాటలు గుర్తుపెట్టుకోండి.

* దస్తగిరి: కర్నూలు వైపు మనిషి పేరు. కన్నడ పోలీసు కాగితంలో అరెస్టు అని అర్థం.
* తనిఖె: మనకు తనిఖీ అంటే చెకింగు. ఇక్కడ కేసు దర్యాప్తు.
* జామీను: మన వాడుకలో పూచీ పడటం. ఇక్కడ బెయిలు.
* ప్రకరణ: పుస్తకంలో అధ్యాయం కాదు, కేసు.
* ప్రథమ వర్తమాన వరది: ఎఫ్‌ఐఆర్. వరది అంటే రిపోర్టు.
* దూరు: ఫిర్యాదు. ఆరోపి: నిందితుడు.
* హేళికె: వాంగ్మూలం.
* దోషారోపణ పట్టి: చార్జిషీటు. నేరం రుజువైందని కాదు.
* న్యాయాంగ బంధన: జుడీషియల్ కస్టడీ, అంటే జైలు.

అన్నింటికన్నా జాగ్రత్త పడాల్సిన మాట ‘తప్పొప్పిగె’. తెలుగు కంటికి తప్పొప్పులు చూసుకోవడంలా కనిపిస్తుంది. కన్నడంలో దాని అర్థం తప్పు ఒప్పుకోవడం. ఆ కాగితం కింద సంతకం పెట్టామంటే నేరం చేశామని చెప్పినట్టే.

ఇక్కడ చట్టం మనకు రెండు రక్షణలిచ్చింది. పోలీసుల ముందు చేసిన నేరాంగీకారం కోర్టులో సాక్ష్యంగా చెల్లదని భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 23 చెబుతోంది. ఆ మాటల ఆధారంగా వస్తువేదైనా దొరికితే, అంతవరకే లెక్కలోకి వస్తుంది. రెండోది, దర్యాప్తులో పోలీసులు రాసుకున్న వాంగ్మూలం మీద చెప్పినవారి చేత సంతకం చేయించకూడదని సురక్షా సంహిత సెక్షన్ 181 అంటోంది. అరెస్టు మెమో సంగతి వేరు. దాని మీద అరెస్టయినవారి సంతకం ఉండాలి. తేదీ, టైము సరిగ్గా రాశారో లేదో చూసుకునే పెట్టాలి.

అరెస్టా? నోటీసా?

స్టేషన్‌కు రమ్మన్నంత మాత్రాన అరెస్టు కాదు. అరెస్టు అవసరం లేదనుకున్న కేసుల్లో సెక్షన్ 35(3) కింద నోటీసిచ్చి పిలవాలి. ఇది పాత 41ఎ నోటీసే. 7 ఏళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో ఫిర్యాదు అందగానే అరెస్టు చేయడం కుదరదని, ఎందుకు అవసరమో కారణాలు రాయాలని సుప్రీంకోర్టు 2014 జులైలోనే చెప్పింది. నోటీసు ప్రకారం హాజరవుతున్నంత కాలం, కారణాలు రాయకుండా అరెస్టు చేయకూడదు. పిలిచినప్పుడు పోకపోతే ఆ రక్షణ ఉండదు. ‘చూద్దాంలే’ అని ఊరుకున్నవారే ఎక్కువగా ఇరుక్కుంటారు.

ఈ నోటీసును వాట్సాప్‌లో పంపితే సరిపోదని 2025లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. వీడియో కాల్‌లో ఖాకీ చొక్కా చూపించి ‘డిజిటల్ అరెస్టు’ అంటే అది పచ్చి మోసం. అలాంటి అరెస్టు ఏ చట్టంలోనూ లేదు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయాలి.

3 ఏళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో 60 ఏళ్లు దాటినవారిని, అనారోగ్యంతో ఉన్నవారిని డీఎస్పీ స్థాయి అధికారి అనుమతి లేకుండా అరెస్టు చేయకూడదు. సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా మహిళలను అరెస్టు చేయకూడదు. తప్పని పరిస్థితి వస్తే మహిళా పోలీసు అధికారి, మేజిస్ట్రేటు ముందస్తు అనుమతితోనే చేయాలి.

తొలి 24 గంటలే కీలకం

అరెస్టు చేసే అధికారి పేరు కనిపించేలా బ్యాడ్జీ పెట్టుకోవాలి. మెమో మీద కుటుంబ సభ్యుడో, ఆ ఊరి పెద్దమనిషో సాక్షిగా సంతకం చేయాలి. చుట్టానికో, స్నేహితుడికో కబురు పంపాలి. విచారణ సాగుతుండగా వకీలును కలిసే హక్కు ఉంది, అయితే మొత్తం సేపూ పక్కన కూర్చోబెట్టుకోవడం కుదరదు. డాక్టరు పరీక్ష చేయించాలి. ఇవన్నీ 1996 డిసెంబరులో డి.కె.బసు కేసు తీర్పుతో గట్టిపడి, తర్వాత చట్టంలోకి ఎక్కినవే.

మనిషి ఎక్కడున్నాడో తెలియకపోతే వెతుక్కునే దారీ ఉంది. అరెస్టయినవారి పేరు, చిరునామా, కేసు వివరాలు ప్రతి స్టేషన్‌లో, జిల్లా కేంద్రంలో అందరికీ కనిపించేలా పెట్టాలి. సున్నితమైనవి మినహా ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల్లో వెబ్‌సైట్‌లో ఉంచాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందుకు తేవాలి.

మేజిస్ట్రేటు ముందు నిలబడే ఆ నాలుగైదు నిమిషాలు చాలా విలువైనవి. కొట్టారా, ఎప్పుడు పట్టుకొచ్చారు, కారణాల కాగితం అందిందా, అది అర్థమయ్యే భాషలో ఉందా... చెప్పుకోవాల్సింది అక్కడే. ‘నాకు కన్నడం చదవడం రాదు, కాగితంలో ఏముందో తెలియదు’ అని స్పష్టంగా చెప్పి, ఆ మాట రికార్డు చేయమని కోరాలి. మాట్లాడటం వచ్చు కదా అని సిగ్గుపడి ఊరుకుంటే తర్వాత చేసేదేమీ ఉండదు.

బెయిలొచ్చినా బయటికి రాలేక...

బెయిలబుల్ కేసయితే బెయిలు దయ కాదు, హక్కు. ఆ సంగతి పోలీసులే చెప్పాలి. పూచీదారును తెచ్చుకోలేని పేదవాడు వారం గడిచినా లోపలే ఉంటే, సొంత బాండు మీద వదలాలని సెక్షన్ 478 చెబుతోంది. నాన్‌బెయిలబుల్ కేసులో మేజిస్ట్రేటు కోర్టు, తర్వాత రాయచూరు జిల్లా సెషన్స్ కోర్టు, ఆపైన హైకోర్టు కలబురగి బెంచికి వెళ్లాలి. 2008 జులైలో ఆ బెంచి మొదలయ్యాక బెయిలు కోసం బెంగళూరు దాకా పరుగెత్తే బాధ తప్పింది.

ఆర్డరు చేతికొచ్చాక అసలు కష్టం ఎదురయ్యేది పూచీ దగ్గర. ఉదాహరణకు క్యాంపులో కౌలు చేసుకునే ఓ యువకుడి పేరున ఇక్కడ సెంటు భూమి లేదనుకుందాం. గద్వాలలో ఉండే మేనమామ పూచీ పడతానని తెలంగాణ పట్టాదారు పాసుపుస్తకం పట్టుకొచ్చాడు. ‘లోకల్ పహణి ఉన్నోళ్లను తీసుకురండి’ అనే మాట వినబడిందంటే ఇక తిరుగుళ్లే. డబ్బు తీసుకుని పూచీ పడేవాళ్లు అక్కడే తయారవుతారు.

ఈ పద్ధతి సరికాదని సుప్రీంకోర్టు 1978లోనే అంది. మధ్యప్రదేశ్‌లో ఓ తాపీమేస్త్రీకి 10 వేల రూపాయల పూచీ అడిగి, అతని అన్నదమ్ముడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని మేజిస్ట్రేటు కాదన్నారు. జస్టిస్ కృష్ణయ్యర్ దాన్ని తప్పుబట్టారు. ఆంధ్రుడో, కన్నడిగుడో దూరప్రాంతంలో అరెస్టయితే అక్కడి పూచీదారులను ఎక్కణ్నుంచి తెస్తాడని ప్రశ్నించారు. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు మరికొంత ముందుకెళ్లింది. స్థానిక పూచీ కోసం పట్టుబట్టడం వల్లే విడుదల ఆలస్యమవుతోందని, అలాంటి చోట్ల ఆ షరతు పెట్టవద్దని సూచించింది. బెయిలొచ్చి 7 రోజులైనా విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు ఆ సంగతిని జిల్లా న్యాయసేవల ప్రాధికార కార్యదర్శికి తెలపాలని చెప్పింది. నెల దాటినా పూచీ ఇవ్వలేకపోతే షరతులు సడలించే విషయం కోర్టు పరిశీలించొచ్చు. వకీలుతో ఈ తీర్పుల ప్రస్తావన చేయించడం మరవొద్దు.

చార్జిషీటుకూ గడువుంది. 10 ఏళ్లు, అంతకుమించి శిక్ష పడే నేరాలకు 90 రోజులు, మిగతావాటికి 60 రోజులు. అది దాటితే బెయిలు అడిగే హక్కు వస్తుంది. చార్జిషీటు పడేలోపే అడగాలి. తొలిసారి కేసులో ఇరుక్కున్నవారు, ఆ నేరానికి పడే గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణ ఖైదీగా గడిపితే విడుదలకు అర్హులు. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు, ఒకటికి మించి కేసులున్నవారికి ఇది వర్తించదు.

అవతలి గట్టున కేసు పడితే...

అల్లుడు సింధనూరు, కోడలు గద్వాల. కాపురం చెడితే పుట్టింటి దగ్గర స్టేషన్‌లో ఆమె వేధింపుల కేసు పెట్టొచ్చని 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. అత్తింటివారి ఊరికొచ్చి ఫిర్యాదు చేయాల్సిన పనిలేదు. ఏ నేరం మీదయినా, ఎక్కడ జరిగినా దగ్గర్లోని స్టేషన్‌లో జీరో ఎఫ్‌ఐఆర్ ఇవ్వొచ్చు.

మరి ఇక్కడున్న వారికి అక్కడి పోలీసులొస్తారన్న భయం ఉంటే? 2023 నవంబరు 20 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఇందుకు పనికొస్తుంది. కేసు వేరే రాష్ట్రంలో నమోదైనా, మనమున్న చోటి సెషన్స్ కోర్టు గానీ, హైకోర్టు గానీ కొద్దికాలానికి ముందస్తు బెయిలు ఇవ్వొచ్చు. ఆలోగా కేసున్న రాష్ట్రంలోని కోర్టుకు వెళ్లాలి. వెంటనే అక్కడికి ఎందుకు పోలేకపోతున్నామో చెప్పాలి. దర్యాప్తు అధికారికి, ప్రభుత్వ వకీలుకు నోటీసు ఇవ్వాలి. ఆ తీర్పు వచ్చిన కేసులోనూ భర్త ఉన్నది బెంగళూరులో, కేసు పడింది రాజస్థాన్‌లో.

ఒక్క విషయంలో నది దాటితే చట్టమే మారుతుంది. అది ఎక్సైజు. రాయచూరు దుకాణంలో బిల్లుతో కొన్న మద్యం సీసా తుంగభద్ర దాటితే ఆంధ్ర చట్టం కింద కేసవుతుంది. 2019-24 మధ్య ఆంధ్రలో ధరలు మండిపోయినప్పుడు కర్ణాటక సీసాలతో దొరికి, బళ్లు పోగొట్టుకున్నవారు ఎందరో. పెళ్లికనో, జాతరకనో తీసుకెళ్లామంటే అక్కడ వినేవారుండరు.

చలానా వచ్చిందా?

ట్రాఫిక్ జరిమానా చిన్నదే అయినా పద్ధతి తెలియాలి. చలానా కట్టేస్తే ఆ కేసు అక్కడితో ముగుస్తుంది, మళ్లీ వాదించే దారి ఉండదు. తప్పు మనది కాకపోతే కట్టకముందే అభ్యంతరం చెప్పాలి. ఫొటోలో బండి నంబరు, చోటు, తేదీ సరిచూడాలి. తేడా ఉంటే ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాలి, లేదా కోర్టులో తేల్చుకుంటామని చెప్పాలి. కోర్టు సమన్లు వచ్చాక మాత్రం పట్టించుకోకుండా వదిలేయొద్దు, వారెంటు దాకా పోతుంది.

రేట్లు మూడు రాష్ట్రాల్లో ఒకేలా ఉండవు. రోడ్డు మీద రాజీ చేసుకునే మొత్తాన్ని రాష్ట్రాలే నిర్ణయిస్తాయి. హెల్మెట్ లేకపోతే వెయ్యి అన్న కేంద్ర చట్టాన్ని కర్ణాటక 2019 సెప్టెంబరులో 500కు తగ్గించింది. 2023 ఫిబ్రవరిలో, మళ్లీ 2025 ఆగస్టు 23 నుంచి సెప్టెంబరు 12 దాకా పాత బకాయిలపై సగం రాయితీ ఇచ్చింది. ఇలాంటివి ప్రకటించినప్పుడు వాడుకోవచ్చు. ఎప్పుడో ఇస్తారని ఎదురుచూడటం మాత్రం మంచిది కాదు.

తాగి నడిపిన కేసు రోడ్డు మీద తేలేది కాదు, కోర్టుకే వెళ్లాలి. 10 వేల వరకు జరిమానా, 6 నెలల వరకు జైలు పడొచ్చు. అరెస్టు చేస్తే 2 గంటల్లో వైద్య పరీక్ష జరగాలి, లేకపోతే వదిలేయాలి. లైసెన్సు తీసుకుంటే రసీదు అడగాలి. మైనరుకు బండిస్తే తండ్రికో, యజమానికో 25 వేల జరిమానా, 3 ఏళ్ల వరకు జైలు పడుతుంది. ఆ కుర్రాడికి 25 ఏళ్లొచ్చే దాకా లైసెన్సు రాదు.

మన దగ్గర మరో తలనొప్పి సెకండ్ హ్యాండ్ బళ్లది. కర్నూలులోనో, గద్వాలలోనో కొన్న బైకు ఏళ్ల తరబడి పాత యజమాని పేరు మీదే తిరుగుతుంటుంది. చలానాలు అతనికి పోతాయి. ప్రమాదం జరిగితే ఇద్దరూ కోర్టుకెక్కాలి. వేరే రాష్ట్రం బండి అమ్మినవారు 45 రోజుల్లో ఎన్‌వోసీతో సమాచారం ఇవ్వాలి. 12 నెలలకు మించి ఇక్కడే ఉంచుకుంటే కొత్త నంబరు తీసుకోవాలి. అమ్మేవారూ, కొనేవారూ ఆ పని అప్పుడే చేసుకుంటే నష్టం ఉండదు.

అడిగేవారుంటేనే...

వకీలుకు డబ్బుల్లేవని ఎవరూ ఆగక్కర్లేదు. కస్టడీలో ఉన్నవారికి, మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును పెడతారు. 1987 నాటి న్యాయసేవల చట్టం ఇచ్చిన హక్కిది. జాతీయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయొచ్చు. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవల ప్రాధికారలో, తాలూకా సమితుల్లో అర్జీ ఇవ్వొచ్చు. వకీలు కావాలన్నప్పుడే ‘తెలుగు తెలిసినవారిని ఇవ్వండి’ అని అడగడం మంచిది.

అధికారులు చేయాల్సిందీ ఉంది. అరెస్టు కారణాల ఫారం కన్నడంతోపాటు తెలుగు, ఉర్దూల్లో ముద్రించి సరిహద్దు స్టేషన్లన్నింటిలో ఉంచితే ఖర్చు పెద్దగా కాదు. చదివి చెప్పగలిగిన వారి జాబితా తాలూకాకొకటి తయారుచేయొచ్చు. అలా చేస్తే పోలీసులకే మేలు, భాష పేరు మీద అరెస్టు వీగిపోయే పరిస్థితి రాదు. క్యాంపుల సంఘాలు, తెలుగు సంఘాలు సంక్రాంతికి ముగ్గుల పోటీలు పెట్టినట్టే ఏడాదికోసారి న్యాయసేవల వారిని పిలిచి ఓ శిబిరం పెట్టుకోవాలి.

అంతవరకు మన జాగ్రత్త మనదే. ఇంట్లో అందరి ఫోన్లలో ఒక వకీలు నంబరు, 15100 ఉంచుకోండి. కాగితం ముందుకొస్తే ‘చదివి చెప్పండి, నకలు ఇవ్వండి’ అని మర్యాదగానే అడగండి. కాదంటే మేజిస్ట్రేటు ముందు ఆ మాటే చెప్పండి.